ఇరవయ్యో తేదీ తెలియని బీకాం

బీకాం చదివిన కుర్రాళ్లకు పని రాదని వ్యాపారులు అంటారు. మా పిల్లల్ని ఓ రెండు నెలలు మీ దగ్గర ఉంచుకుని పని నేర్పండి అని కాలేజీ ఉత్తరం రాస్తే, మాకొద్దని కూడా వాళ్లే అంటారు. ఫిర్యాదు చేసేవాళ్లే నేర్పడానికి వెనకాడితే ఇంకెవరు నేర్పాలని అధ్యాపకులు విసుక్కుంటారు. విసుగు సహజమే. కానీ ఈ రెండు మాటల్లో నాకు వైరుధ్యం కనిపించదు. రెండూ ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చెబుతున్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో నయాపూల్ పరిసరాలనే తీసుకోండి. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనే ప్రభుత్వ సిటీ కాలేజీ ఉంది. 1921 నాటి ఆ భవనంలో ఇప్పుడు బీకాం తరగతులు నడుస్తున్నాయి. కాస్త అవతల హుసేనీఆలంలో ఆడపిల్లల ప్రభుత్వ డిగ్రీ కళాశాల. ఇటు మదీనా, పత్తర్‌గట్టీ బట్టల దుకాణాలు, ముత్యాల కొట్లు. వంతెన దాటి అఫ్జల్‌గంజ్ మీదుగా పోతే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారం. చిట్టా ఆవర్జాల రోజుల నుంచి టాలీ సాఫ్ట్‌వేర్ రోజుల దాకా లెక్కలు రాయని పూట లేని చోటు ఇది. ఇలాంటి చోట లెక్కల చదువూ లెక్కల పనీ నడిచిపోయేంత దూరంలో ఉండి కూడా కలవడం లేదంటే, తప్పు విద్యార్థి బద్ధకంలోనో సేఠ్ పిసినారితనంలోనో వెతకడం దండగ. మనం పెట్టిన ఇంటర్న్‌షిప్ యూనివర్సిటీ క్యాలెండర్‌ను పట్టుకుని వేలాడుతోంది. లెక్కల పనికి వేరే క్యాలెండర్ ఉంది.

పాఠ్యపుస్తకంలో లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. దుకాణంలో దాని లోపల ఇంకో పన్నెండు చిన్న సంవత్సరాలు ఉంటాయి. నెల మారగానే 7వ తేదీలోగా గత నెల కోసిన టీడీఎస్ కట్టాలి. 11వ తేదీకి అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 వేయాలి. 14న జీఎస్టీఆర్-2బి వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు ఏయే బిల్లులు ఎక్కించారో అందులో తేలుతుంది. 20న జీఎస్టీఆర్-3బి దాఖలు చేసి పన్ను కట్టాలి. ఏడాది టర్నోవరు ₹5 కోట్ల లోపు ఉన్నవాళ్లు రిటర్నులను మూడు నెలలకోసారికి మార్చుకోవచ్చు గానీ, పన్ను మాత్రం నెలనెలా కట్టాల్సిందే. మదీనాలో ఒక చీరల కొట్టు సూరత్ నుంచి సరుకు తెప్పించిందనుకుందాం. బిల్లు మీది జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, గుజరాత్‌కు 24, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. సూరత్ వ్యాపారి తన జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు ఎక్కించకపోతే మదీనా కొట్టు 2బిలో అది కనిపించదు. 2022 జనవరి నుంచి 2బిలో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. సరుకు ధరతో పాటు సూరత్‌కు ఇచ్చేసిన పన్నునే, ఆ నెలకు మళ్లీ జేబులోంచి తీసి కట్టాలి. కాబట్టి 14కూ 20కీ మధ్య అకౌంటెంటు చేసే అసలు పని ఏమిటంటే కొనుగోలు రిజిస్టరునూ 2బినీ పక్కపక్కన పెట్టి తేడాలు పట్టుకోవడం, ఆ తర్వాత సూరత్‌కు ఫోన్ చేసి బతిమాలడమో బెదిరించడమో. రెండో సగం ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇప్పుడు మే నెల మొదట్లో పరీక్షలు అయిపోయిన విద్యార్థిని రెండు నెలలకు ఇక్కడికి పంపారనుకోండి. మొదటి నెల అతను చూస్తాడు. అకౌంటెంటుకు చెప్పే తీరిక ఉండేది నెలాఖరులోనే. 10 నుంచి 20 దాకా తలెత్తడు. రెండో నెల విద్యార్థి తన చేత్తో ఎంట్రీలు వేస్తాడు, తప్పులు చేస్తాడు, వాటిని దిద్దడానికి అకౌంటెంటు సొంతంగా చేసుకుంటే పట్టేదానికంటే ఎక్కువ సమయం ఖర్చు పెడతాడు. మూడో నెల నుంచి ఆ విద్యార్థి పనికొస్తాడు. రెండో నెలాఖరుకే మనం అతణ్ణి వెనక్కి పిలిచి సర్టిఫికెట్ మీద సంతకం అడుగుతాం. యజమానికి మిగిలింది ఖర్చు. విద్యార్థికి మిగిలింది కాగితం. ఇలాంటి బేరం ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు? సేఠ్‌కు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, వద్దన్నప్పుడే వేసుకున్నాడు. పని రాదన్న మాటకూ, మాకొద్దన్న మాటకూ మూలం ఇదే. రెండు నెలల్లో పని రాదు కాబట్టే రెండు నెలలకైతే వద్దంటున్నాడు.

ఇది పాతబస్తీ వ్యాపారుల ప్రత్యేక స్వభావం కాదు. అకౌంటింగ్ పట్టభద్రుల నుంచి యజమానులు ఏం ఆశిస్తున్నారని ఆస్ట్రేలియాలో మేరీ కవనా, లిన్ డ్రెన్నన్ చేసిన పరిశీలన 2008లో వెలువడింది. సమస్యను విడదీసి చూసే నేర్పు, వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసిన అనుభవం, లెక్కల మౌలిక జ్ఞానం యజమానుల కోరికల్లో పైన ఉన్నవి. మూడోది కాలేజీ నేర్పుతుంది, మొదటిది కొంత నేర్పగలదు, రెండోది తరగతి గదిలో దొరకదు. బ్రిటన్‌లో కాట్రియోనా పైసీ, నికొలస్ పైసీ అకౌంటింగ్ డిగ్రీల్లోని పని శిక్షణ మీద విద్యార్థులనూ యజమానులనూ అడిగి 2010లో ఒక వ్యాసం ప్రచురించారు. ఉద్యోగానికి కావలసిన నైపుణ్యాలు పనిచోట పట్టుబడతాయన్నదే అందులోని సారం. అక్కడే ఇయాన్ సరిడ్జ్ 2009 నాటి పరిశోధన, అలా పనికి వెళ్లొచ్చినవాళ్లు చివరి ఏడాది చదువులో కూడా మెరుగ్గా ఉన్నారని చెప్పింది. చురుకైనవాళ్లే ముందు ఆ అవకాశాలు అందుకుంటారు కదా, మెరుగు పని వల్ల వచ్చిందా ముందే ఉందా అని అడగొచ్చు. సరైన ప్రశ్నే, దానికి పూర్తి జవాబు దొరకడం కష్టం. అయితే మనవాళ్లు ఈ విదేశీ ఉదాహరణలు చెప్పేటప్పుడు ఒక సంగతి దాటవేస్తారు. బ్రిటన్‌లో డిగ్రీ మధ్యలో వచ్చే ఆ శిక్షణ సాధారణంగా ఏడాది పొడవునా ఉంటుంది, జీతం ఉంటుంది. వాళ్ల ఏడాది ఫలితాలు చూపించి మన రెండు నెలల పథకానికి సమర్థన వెతకడం, బిర్యానీ రుచి చెప్పి అటుకులు వడ్డించడమే.

అంత దూరం పోనక్కర్లేదు. మన దేశంలోనే లెక్కల వృత్తివాళ్లు తమ వారసులను ఎలా తయారు చేసుకుంటున్నారో చూస్తే సరిపోతుంది. 1949 చట్టంతో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఆర్టికల్‌షిప్ లేకుండా ఎవరికీ సభ్యత్వం ఇవ్వదు. ఇటీవలి దాకా అది మూడేళ్లు. 2023 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో రెండేళ్లు అయింది. తగ్గించడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. తగ్గించాక కూడా రెండేళ్లే మిగిల్చారు గానీ రెండు నెలలు మిగల్చలేదు. సీఏ ఆఫీసు నడిపేవాళ్లు యజమానులుగా తమ అభిప్రాయాన్ని ఇలా నిబంధనల్లోనే రాసుకున్నారన్నమాట. ఇంతకంటే స్పష్టమైన సర్వే ఇంకేం కావాలి? అదే సంస్థ అనుభవంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆఫీసు ముఖం చూడకుండా కాగితం మీద మాత్రమే పనిచేసే ‘డమ్మీ ఆర్టికల్‌షిప్’ ఆ వృత్తిని చాలాకాలంగా వేధిస్తున్న జబ్బు. చట్టం, క్రమశిక్షణ సంఘం, రెండేళ్ల గడువు అన్నీ ఉన్నచోటే దొంగ శిక్షణ సాగుతుంటే, అవేవీ లేని డిగ్రీ ఇంటర్న్‌షిప్‌లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయంలో ముందడుగు వేసింది ఆంధ్రప్రదేశ్. 2020-21లో చేరిన డిగ్రీ విద్యార్థుల నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల పని, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం. ఆలోచన సరైనదే, ముఖ్యంగా ఆ చివరి సెమిస్టరు. అయితే అన్ని కోర్సులకూ ఒకేసారి తప్పనిసరి చేస్తే అన్ని పనిచోట్లు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లకు కూడా దారి తెరవాల్సి వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో చూసి సర్టిఫికెట్ తెచ్చుకున్న బీకాం విద్యార్థికీ, 2బి తేడా చూసి సూరత్‌కు ఫోన్ చేసిన విద్యార్థికీ మార్కుల జాబితాలో తేడా ఉండదు. తెలంగాణలో ఇన్నాళ్లూ చివరి సెమిస్టరు ప్రాజెక్టు రిపోర్టే ఆ స్థానం ఆక్రమించింది. స్పైరల్ బైండింగ్ చేసిన ఆ రిపోర్టులు ఎక్కడ తయారవుతాయో ప్రతి కాలేజీ ముందున్న జిరాక్స్ సెంటరుకూ తెలుసు. యూజీసీ 2020లోనే అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీలకు మార్గదర్శకాలు ఇచ్చి, మొత్తం క్రెడిట్లలో కనీసం 20 శాతం పనికి కేటాయించమంది. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో నెలకు ₹5,000తో, ఏడాది గడువుతో మొదలైంది. కానీ అది దేశంలోని 500 పెద్ద కంపెనీలకు సంబంధించింది. మొదలైనప్పుడు రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు వర్తించలేదు. బేగంబజార్‌కూ సిటీ కాలేజీకీ దానితో పని లేదు.

యజమానులు అని ఒక్క మాటలో అనేస్తున్నాం గానీ నయాపూల్ విద్యార్థి ముందు ఉన్నవాళ్లు ఒక్క రకం కాదు. దుకాణదారుకు కావలసింది వేళకు వచ్చే మనిషి, నోరు జారని మనిషి. డెబిట్ క్రెడిట్ నేర్పుకోవచ్చు అనుకుంటాడు. కోఠీ, ఆబిడ్స్ వైపు ఇరుకు గదుల్లో పదుల కొద్దీ దుకాణాల రిటర్నులు వేసే ట్యాక్స్ కన్సల్టెంటుకు కావలసింది వేగం, 20వ తేదీ రాత్రి సర్వర్ మొరాయించినా కంగారుపడని మనిషి. గచ్చిబౌలి వైపు పెద్ద ఆడిట్ సంస్థల కేంద్రాలకు ఇంగ్లిషూ ఎక్సెలూ కావాలి. మిగతాది తామే నేర్పుకునే స్థోమత వాటికి ఉంది. ప్రభుత్వ పథకాలన్నీ మూడోవాళ్లతో మాట్లాడి తయారవుతాయి. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం బ్యాంకింగ్, ఆర్థిక సేవల రంగానికి డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులను తయారు చేసే కోర్సు మొదలుపెట్టినప్పుడు కూడా చూపు అటే ఉంది. అందులో తప్పేమీ లేదు. కానీ పాతబస్తీ విద్యార్థుల్లో ఎక్కువమందికి మొదటి ఉద్యోగం ఇచ్చేది మొదటి ఇద్దరే. వాళ్లకు హెచ్‌ఆర్ విభాగం ఉండదు, సదస్సులకు రారు, ఏ కమిటీలోనూ కుర్చీ ఉండదు. వాళ్ల అభిప్రాయం తెలియాలంటే దుకాణానికి వెళ్లి అడగాలి, అదీ 21వ తేదీ తర్వాత.

అడిగితే మొదట వచ్చే జవాబు ఒకటే: మా పుస్తకాలు బయటివాళ్లకు ఎలా చూపిస్తాం? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఖాతా పుస్తకంలో ఎవరి దగ్గర ఎంతకు కొన్నాడో, ఎంత మిగిలిందో, ఎవరికి ఉద్దెర ఎంత ఇచ్చాడో ఉంటుంది. పక్క దుకాణంవాడికి అది బంగారం. కాలేజీ కుర్రాడు రేపు ఆ పక్క దుకాణంలోనే చేరొచ్చు. దీనికి గోప్యత పత్రం మీద సంతకం కొంతవరకు మందు. అంతకంటే మంచి మందు, విద్యార్థిని దుకాణంలో కాకుండా ఆ దుకాణపు కన్సల్టెంటు ఆఫీసులో పెట్టడం. ఆ పుస్తకాలు ఎలాగూ అక్కడికి పోతాయి, అక్కడ ఒకటికి పది వ్యాపారాలు కనిపిస్తాయి, నేర్చుకునేదీ ఎక్కువే. అయితే ఈ అభ్యంతరం వెనక చెప్పని ఇంకో కారణం ఉంది, దాన్నీ బయట పెట్టాలి. కొన్ని కొట్లలో పక్కా బిల్లుతో పాటు కచ్చా బిల్లు కూడా నడుస్తుంది. కొత్త మనిషి కన్ను దాని మీద పడకూడదు. అలాంటి చోటికి విద్యార్థిని పంపకపోవడమే మంచిది. అక్కడ అతను నేర్చుకునేది లెక్కలు కాదు. అలాగని కచ్చా లెక్కలు గల్లీలకే పరిమితమని ఎవరూ గర్వపడనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరంలో లేని నగదు, బ్యాంకు నిల్వలు ₹5,040 కోట్లు అని ఉంది. అది అద్దాల మేడల్లో రాసిన పుస్తకం. బ్యాంకు నిల్వను కంపెనీ ఇచ్చిన కాగితం చూసి ఒప్పుకోకూడదు, బ్యాంకును నేరుగా అడిగి తెప్పించుకోవాలన్నది ఆడిట్ పాఠంలో మొదటి పేజీల్లోనే ఉంటుంది. పాఠం తెలియక జరిగిన ముప్పు కాదది. ఆ పని ప్రతిసారీ, మొహమాటం లేకుండా చేయడం ఒక అలవాటు. అలవాట్లు పనిచోటనే వస్తాయి, మంచివైనా చెడ్డవైనా. కాబట్టి ఏ పనిచోటు అన్నది ఎంతకాలం అన్నదానికంటే తక్కువ ప్రశ్న కాదు.

రెండో అభ్యంతరం యజమానులది కాదు, విద్యార్థి సంఘాలదీ అధ్యాపకులదీ. ఇంటర్న్‌షిప్ పొడిగిస్తే చౌకగా దొరికే కూలీని యజమాని చేతికి అప్పగించినట్టు కాదా? అవుతుంది, డబ్బు ఇవ్వకపోతే. ఆరు నెలలు ఊరికే పని చేయించుకోవడం దోపిడీయే; దానికి శిక్షణ అని పేరు పెడితే ఇంకా చేదు. పైగా బస్సు పాస్‌కే ఇబ్బందిపడే ఇంటి పిల్లలు ఊరికే పని చేయలేరు. చేయగలిగేది ఉన్నవాళ్ల పిల్లలే. అందుకే స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇవ్వకూడదనే నేను అంటాను. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ఉంది. దాని 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. ఆ నిబంధనలు డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం ₹9,000 అన్నాయి. అప్రెంటిస్ శిక్షణకు కేంద్రం నడిపే నాట్స్ పథకంలో అందులో సగం కేంద్రమే భరిస్తుంది, బీకాం కూడా అందులోకి వస్తుంది. అంటే నలుగురు మనుషులున్న పత్తర్‌గట్టీ కొట్టు కూడా చట్టప్రకారం ఒక బీకాం విద్యార్థిని తీసుకుని, నాలుగున్నర వేలు తన వాటాగా భరించి నడిపించవచ్చు. ఈ సంగతి ఎంతమంది దుకాణదారులకు ఎవరైనా వెళ్లి చెప్పారు? పోర్టల్‌లో నమోదు, నెలనెలా హాజరు ఎక్కించడం సేఠ్ చేయడు. అది కాలేజీ చేయాలి. ఆ పని కూడా ఒక బీకాం విద్యార్థికి అప్పగిస్తే పేరోల్ పాఠం అయిపోతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పాతబస్తీ డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఇప్పటికే పనిచేస్తున్నారు. మధ్యాహ్నం క్లాసు అయ్యాక బట్టల కొట్టులో బిల్లింగ్ కౌంటరు దగ్గరో, హోల్‌సేల్ గోదాములో స్టాకు రాయడానికో, మామయ్య దుకాణం గల్లాపెట్టె దగ్గరో సాయంత్రాలు గడుపుతారు. రంజాన్ నెలలో తెల్లవారుజాము దాకా కూడా. మన విధానం దృష్టిలో వాళ్ల పని పని కాదు, హాజరు తగ్గించే అడ్డంకి. అదే విద్యార్థి సెలవుల్లో ఏదో ఆన్‌లైన్ సంస్థ నుంచి సర్టిఫికెట్ తెస్తే క్రెడిట్లు వస్తాయి. ఉన్న పనికి గుర్తింపు లేదు, లేని పనికి ఉంది! బిల్లింగ్ కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి నెలకో వారం అకౌంటెంటు పక్కన కూర్చోబెట్టమని యజమానిని ఒప్పించడం, కొత్త పనిచోటు వెతకడం కంటే ఎంతో సులువు. అతని మీద యజమానికి ముందే నమ్మకం ఉంది, గోప్యత బెంగ లేదు, వచ్చి వెళ్లే ఖర్చు లేదు. కాలేజీ చేయాల్సింది ఆ పనికి ఒక పాఠ్యరూపం ఇవ్వడం: ఈ నెల కొనుగోళ్లు, వచ్చే నెల బ్యాంకు, ఆ పై నెల స్టాకు. అన్ని కౌంటర్లూ పాఠాలు కావు, నిజమే. మూడేళ్లు రేటు ట్యాగులు అంటించినవాడికి అకౌంటింగ్ వచ్చినట్టు కాదు. ఎంచి చూడాల్సిందే. ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. హుసేనీఆలం కాలేజీ అమ్మాయిని రాత్రి తొమ్మిది దాకా ఉంచుకునే చోటికి ఇంట్లోవాళ్లు పంపరు, పంపమని అడగడం న్యాయమూ కాదు. పగటిపూట నడిచే కన్సల్టెంటు ఆఫీసులు, సహకార బ్యాంకులు, ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలు వాళ్లకు ముందు దక్కాలి.

డిగ్రీ అంటే గుమస్తాలను తయారు చేసే కార్ఖానా కాదు, సిద్ధాంతం నేర్పడం విశ్వవిద్యాలయం పని, రిటర్నులు వేయడం నేర్పుకోవడం యజమాని పని అని పెద్ద అధ్యాపకులు కొందరు అంటారు. ఈ వాదనలో గౌరవించాల్సింది ఉంది. రేపు ఫారాలు మారతాయి, సాఫ్ట్‌వేర్ మారుతుంది, సిద్ధాంతం నిలుస్తుంది. కానీ లెక్కల్లో సిద్ధాంతం పరీక్షకు నిలబడేది సరుకు దగ్గరే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. రెడీమేడ్ బట్టల మీద ఒక్కోటి ₹2,500 దాకా 5 శాతం అయింది. అంతకుముందు ఆ గీత ₹1,000 దగ్గర ఉండేది. బాదం, పిస్తా 12 నుంచి 5కు దిగాయి. మరుసటి రోజు పొద్దున బేగంబజార్‌లో వచ్చిన ప్రశ్నలు చూడండి. పాత రేటుకు పన్ను కట్టి కొన్న నిల్వ గోదాములో ఉంది. అమ్మేది కొత్త రేటుకు. 20న అమ్మిన సరుకు 25న వెనక్కొస్తే క్రెడిట్ నోటు ఏ రేటుకు ఇవ్వాలి? పాత రేటుకే, ఎందుకంటే అది పాత అమ్మకపు సవరణ. లావాదేవీ ఎప్పుడు జరిగినట్టు లెక్క, ఖర్చు ఏ కాలానికి చెందుతుంది, నిల్వ విలువ ఎలా కట్టాలి అన్న పెద్ద సిద్ధాంతాలన్నీ ఆ ఒక్క వారంలో దుకాణం గుమ్మం ఎక్కాయి. ఆ వారం విద్యార్థులు ఎక్కువమంది తరగతి గదిలో పాత రేట్ల లెక్కలు చేస్తున్నారు. బ్యాంకు సమన్వయ పట్టీ సంగతీ అంతే. పుస్తకంలో నాలుగు చెక్కులు, రెండు బ్యాంకు చార్జీలు ఇచ్చి సరిచూడమంటారు. కొట్లో ఇవాళ రోజుకు వందల యూపీఐ జమలు, మర్నాడు కమిషన్ కోసుకుని వచ్చే కార్డు డబ్బు, ఇంటి ఖాతాలోకి పొరపాటున వచ్చిన జమలు. సిద్ధాంతం అదే, ఓపిక వేరు. టాలీ పుట్టుక కూడా ఇలాంటిదే. మిల్లులకు ముడిసరుకూ యంత్ర భాగాలూ అమ్మే శ్యాంసుందర్ గోయెంకా తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్‌ను రాయమన్నాడు. 1986లో ఆ కంపెనీ మొదలైంది. చదువు కొడుకుది, ప్రశ్న తండ్రి వ్యాపారానిది.

ఇవన్నీ యంత్రాలు చేసేస్తాయి కదా, ఇక గుమస్తా పనికి శిక్షణ ఎందుకు అనేవాళ్లూ బయల్దేరారు. ఎంట్రీలు వేయడం చాలావరకు పోతుంది, అందులో సందేహం లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి వస్తోంది. ₹5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కావడంతో అమ్మకాల వివరాలు తమంతట తామే రిటర్నులోకి ఎక్కుతున్నాయి. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో నమోదు కావాలని అదే ఏడాది ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. మిగిలేది, అంకె ఎందుకు తేడా వచ్చిందని అడగడం, అడిగినప్పుడు వచ్చిన జవాబు నమ్మొచ్చా అని తేల్చుకోవడం. సరుకు కర్నూలుకు పోయింది, బిల్లులో రాష్ట్రం దాటిన సరుకుకు పడాల్సిన ఐజీఎస్టీకి బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడింది. సాఫ్ట్‌వేర్ తనకు ఇచ్చిన చిరునామాను నమ్మింది. తప్పు పట్టుకోవడానికి సరుకు లారీ ఎక్కడికి పోయిందో తెలిసిన మనిషి కావాలి. ఇదివరకు కొత్తవాళ్లు ఆ చూపును ఏళ్ల తరబడి ఎంట్రీలు వేస్తూ వేస్తూ సంపాదించేవాళ్లు. ఆ మెట్టు ఊడిపోతోంది కాబట్టి డిగ్రీలోనే దానికి చోటు పెట్టాల్సిన అవసరం పెరుగుతోందే తప్ప తరగడం లేదు.

అయితే ఏ నెలల్లో? జనవరి నుంచి మే దాకా అన్నది నా సూచన, ఆరో సెమిస్టరు స్థానంలో. జనవరిలో చేరిన విద్యార్థి ఫిబ్రవరి, మార్చి 20వ తేదీలు చూసి, మార్చి 31 నాటికి పనికొచ్చే స్థితిలో ఉంటాడు. యజమానికి మనిషి సాయం అన్నిటికంటే ఎక్కువ కావలసింది అప్పుడే. ముగింపు నిల్వ లెక్కించడం, అప్పులవాళ్ల దగ్గర బాకీ ధ్రువీకరణ తెప్పించడం, 45 రోజుల లోపు చెల్లించకపోతే ఖర్చుగా ఒప్పుకోని చిన్న సరఫరాదారుల బాకీలు తీర్చడం, ఏప్రిల్ నెలాఖరుకు మార్చి టీడీఎస్ కట్టడం అన్నీ ఈ వరసలోనే వస్తాయి. పాతబస్తీలో ఇంకో లెక్క కూడా ఉంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. 2025లో పండుగ సరిగ్గా మార్చి 31న పడింది. ఆ రోజు ప్రభుత్వ లావాదేవీల కోసం బ్యాంకులను తెరిచి ఉంచమని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏడాదిలో అతి పెద్ద అమ్మకాల రాత్రీ, ఏడాది లెక్కల ముగింపూ ఒకదాని మీద ఒకటి పడ్డ ఆ సమయంలో పత్తర్‌గట్టీ కొట్టులో ముగింపు నిల్వ ఎలా లెక్కించాలన్నది ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు. రాబోయే కొన్నేళ్లు ఆ రద్దీ ఫిబ్రవరి, జనవరి వైపు జరుగుతుంది. కాబట్టి తేదీలు హైదరాబాద్ మొత్తానికి ఒకే ఉత్తర్వుతో కాకుండా, ఏ కాలేజీకి ఆ కాలేజీ తన చుట్టూ ఉన్న వ్యాపారాన్ని బట్టి పెట్టుకునే వీలుండాలి. సిటీ కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్నది. పరీక్షలు తానే పెట్టుకుంటుంది. వైవాను మేలో, 20వ తేదీ దాటాక పెట్టి, ఆ దుకాణపు అకౌంటెంటును పరీక్షకుల్లో ఒకరిగా కూర్చోబెట్టడానికి దానికి అడ్డు లేదు. ఆయనకు ఇచ్చే గౌరవ వేతనం ఎంత, డిగ్రీ లేని మునీంజీ అయితే పరీక్షకుడిగా ఒప్పుకుంటారా అన్నవి విద్యామండలి తేల్చాల్సిన చిక్కులు. రెండోదానికి నా ఓటు మునీంజీకే.